కాక ఎట్లాంటోడు

కరోనా రెండో వేవ్ వచ్చిన ఆ వేసవిలో సూరత్‌లో మా గోడాదరా గల్లీల్లో పోయినవాళ్ళందరూ ఒక్కలాంటి మనుషులే అయిపోయారు. ఫోన్ తెరిస్తే దండ వేసిన ఫోటో, కింద జోడించిన చేతులు, ఆ కింద "చాలా మంచి మనిషి, అందరికీ తలలో నాలుకలా ఉండేవారు" అనే మాట. బతికున్నప్పుడు వాళ్ళలో ఒకాయన నోరు తెరిస్తే బూతులే. ఇంకొకాయన పొద్దున్నే తాగేవాడు. మరొకావిడ నల్లా దగ్గర పెట్టని పంచాయతీ లేదు. వాళ్ళు నాకు అలాగే ఇష్టం, అలాగే గుర్తు. అందరికీ ఒకే కొలతకు కుట్టిన చొక్కా తొడిగినట్టు ఈ మంచితనం తొడుగుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఏడవాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగాను. తెలుగు మీడియం బడిలో పాఠాలు చెబుతాను, తీరిక దొరికితే కథలు రాస్తాను. కథలో మనిషి స్వభావం ఎలా తెలుస్తుందన్నది పై తరగతి పిల్లలకు ప్రతి ఏడూ నేను చెప్పే పాఠం. రచయితే ముందుకొచ్చి "ఇతను పిసినారి, ఆమె ధైర్యవంతురాలు" అని చెప్పేయడం ఒక దారి. ఆ మనిషి చేత పని చేయించి, మాట్లాడించి, పక్కవాళ్ళ చేత నాలుగు మాటలు అనిపించి, తాను తప్పుకోవడం రెండో దారి. నేను మొదటి దారిని కాస్త చులకనగానే చూసేదాన్ని. ఆ ఏడు ఆన్‌లైన్ క్లాసులో కూడా అదే పాఠం చెప్పాను. పిల్లల్లో సగం మంది వీడియో ఆపేసి విన్నారు, విన్నారో లేదో నాకు తెలియదు.

ఆ ఏడే ఒకామె నాకు ఫోన్ చేసి, ఒక మనిషి ఎట్లాంటివాడో చెప్పమని అడిగింది. ఆ మనిషి మా బాపుకు, అంటే నాన్నకు, జోడీదారు. మేము ఆయన్ని కాక అని పిలిచేవాళ్ళం.

మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. సాంచలు పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తాయి కాబట్టి అవే సాంచల మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు పని చేస్తారు. పదిహేను రోజులకోసారి షిఫ్టులు మారతాయి. ఆ ఇద్దరూ జోడీదారులు. పేరుకు జోడీయే గాని పనిలో ఇద్దరూ కలిసి కూర్చునేది ఎప్పుడూ ఉండదు. ఒకరు వచ్చేసరికి రెండోవాడు చొక్కా తొడుక్కుంటూ ఉంటాడు. బాపూ కాకా ఎన్నో ఏళ్ళు అలా గడిపారు. ఒకరి గురించి ఒకరికి తెలిసిందంతా దాదాపు వదిలి వెళ్ళిన పనిని చూసి తెలిసిందే. తెగిన పోగులు అతికి పోయాడా, నూలు కండెలు నింపి పెట్టాడా, సాంచ కింద దుమ్ము ఊడ్చాడా, లేక రేపటివాడు చూసుకుంటాడులే అని వదిలేశాడా. బాపు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "ఇయ్యాల నా జోడీదారు పానం మంచిగ లేనట్టుంది" అనేవాడు. మనిషిని చూసి కాదు, అతుకులు చూసి.

కాకది జగిత్యాల దగ్గరి పల్లె. నేత కుటుంబం కాదు, కూలి చేసుకునే ఇల్లు. భార్య ఊళ్ళోనే ఉండి బీడీలు చేసేది. ఆయన సూరత్‌లోనే, వడోద్‌లో, పనివాళ్ళు తిని పడుకునే ఒక మెస్సులో ఉండేవాడు. సెలవు రోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, అమ్మ వడ్డించింది తిని, వద్దన్నా తన కంచం తానే కడిగి వెళ్ళిపోయేవాడు. ఉలుకూ పలుకూ లేని మనిషి. ఏం కాకా బాగున్నావా అంటే తలూపేవాడు, ఇంకో ముద్ద వేయనా అంటే అప్పుడూ అలాగే తలూపేవాడు. మా అమ్మకు ఆ రెండు ఊపుళ్ళకూ తేడా తెలిసేది, నాకు తెలిసేది కాదు.

మొదటి లాక్‌డౌన్‌లో అందరూ ఊళ్ళకు పోయారు. ఆయన పోలేదు. మెస్సు ఖాళీ అయితే మా ఇంటి ముందు గదిలో ఉన్నాడు. ఆ మరుసటి ఏడు వేసవిలో ఆయనకు జ్వరం తగిలింది. దమ్ము ఆడక ఆయాసపడుతుంటే బాపు ఆటోలో తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్పించాడు. తర్వాత లోపలికి ఎవరినీ రానివ్వలేదు. పోయాడని ఫోన్ వచ్చింది. బాపు శ్మశానం గేటు బయట పొద్దంతా నిలబడి, ప్లాస్టిక్‌లో చుట్టిన మనిషిని దూరం నుంచి చూసి వచ్చాడు. అది కాకే అని ఎట్ల తెలుసు బాపూ అని అడగబోయి ఊరుకున్నాను. ఊరి నుంచి ఎవరూ రాలేకపోయారు.

వానలు తగ్గి పెత్రమాస దగ్గరపడినప్పుడు కాక భార్య నాకు ఫోన్ చేసింది. అంతకు ముందు ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు మా వైపు పోయినవాళ్ళ పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు. కొత్తగా పోయినవాళ్ళ పేరు ఆ రోజే పెద్దల్లో కలుపుతారు.

"బిడ్డా, నువ్వు కథలు రాస్తవంట గదా" అంది ఆమె. "మనుషుల సంగతి నీకు సమజైతదంట. గాయన ఎట్లాంటోడో జర చెప్పు. మా మరిది బియ్యం ఇస్త అంటుండు. నేనే వద్దంటున్న. నాకు మనసు ఒప్పుతలేదు."

ఎందుకు చిన్నమ్మా అని అడిగాను. ఆమె చెప్పింది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ. బడికి పోయే వయసులో ఆ పిల్లకు జ్వరం తలకెక్కింది. ఆటోలో కరీంనగర్ తీసుకుపోతుంటే దారి పొడుగునా "బాపుతోని మాట్లాడుత" అని ఒకటే పాట. తల్లి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కూడా చేసింది. ఎత్తలేదు. పొద్దుగూకాక ఆయన తిరిగి చేసేసరికి పిల్ల లేదు. రైలు పట్టుకుని ఊరు చేరేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది.

"ఎందుకు ఎత్తలేదంటే ఒక్కటే మాట, ఇనవడలే. గంతే. జేబుల ఫోను పెట్టుకొని ఇనవడకపోవుడేంది బిడ్డా? ఏడ్వలే. కంట్ల నీళ్ళు లేవు. దినాలైనంక సంచి పట్టుకొని మల్ల సూరత్ పోయిండు. లాక్‌డౌన్ల ఊరంత ఇంటికొచ్చింది, గాయన రాలే. నా బిడ్డను యాది చేసుకున్నడా లేదా, గదొక్కటి చెప్పు నాకు. చేసుకోలేదంటే నేను బియ్యం ఇయ్యనియ్య. నా బిడ్డ పక్కన గా పేరు వద్దు."

నేను పాఠాలు చెప్పే మనిషిని. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "చిన్నమ్మా, కాక చాలా మంచోడు" అన్నాను.

"అందరు గదే అంటున్నరు" అంది ఆమె. "మంచోడంటే ఏంది?"

కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను.

సెలవు రోజు చూసుకుని వడోద్ మెస్సుకు వెళ్ళాను. ఆయనతో ఉన్నవాళ్ళలో కొందరు తిరిగి వచ్చి ఉన్నారు. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. "సీదా ఆద్మీ మేడమ్" అన్నాడొకతను. "ఒగరి జోలికి పోయెటోడు కాదు, మస్తు మంచోడు" అన్నాడింకొకతను. మూడో అతను చాలాసేపు ఆలోచించి "మంచోడే" అన్నాడు. బిడ్డ గురించి ఎప్పుడైనా మాట్లాడాడా అని అడిగాను. ఆయనకు ఒక బిడ్డ ఉండేదని, పోయిందని, వాళ్ళలో ఇద్దరికి అసలు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళు పక్కపక్కన పడుకుని ఇది కూడా తెలియదా అని వాళ్ళ మీద గయ్యిమనబోయాను. మా ఇంట్లో అన్ని నెలలు ఉంచుకుని నాకేం తెలిసింది కనుక?

ఇంటికొచ్చాక నాకొక ఆలోచన వచ్చింది. కథ అల్లగలను. కాక ఒంటరిగా కూర్చుని బిడ్డ ఫోటో చూసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడని, నేను చూశానని చెప్పగలను. మాటలు తక్కువ వాడి, ఒకటి రెండు నమ్మదగిన వివరాలు కలిపితే ఆమె నమ్ముతుంది. నా చేతిలో పనే అది. తప్పేముంది, పోయిన మనిషికి పేరు దక్కుతుంది, ఉన్న మనిషికి నిద్ర పడుతుంది అనుకున్నాను. చెప్పడానికి ఫోన్ కూడా తీశాను. ఎదురుగా బాపు కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన చేతికిచ్చాను.

ఆమె నాతో చెప్పిన సంగతులేవీ బాపుకు నేను చెప్పలేదు. కాక బిడ్డ జ్వరంతో పోయిందని మాత్రమే ఆయనకు తెలుసు. ఆమె ఆయన్ని బావా అని పిలిచి, నన్నడిగిందే అడిగింది.

"బిడ్డ సంగతా?" అన్నాడు బాపు, వీధంతా వినబడేలా. ఏళ్ళ తరబడి సాంచల మధ్య బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. "లేదమ్మా. నాతోని ఎన్నడు అనలే."

నేను బాపు వైపు గుర్రుగా చూశాను. ఆయన పట్టించుకోలేదు. అక్కడితో ఆగక బాపు తనకు తెలిసిందేదో చెప్పడం మొదలుపెట్టాడు.

"పనోడేనమ్మా. కండెలు నింపిపెట్టి పొయ్యెటోడు. ఊడ్చిపెట్టెటోడు. గాని ఒక్కటుండె, గది మాత్రం నాకు నచ్చకపోతుండె. గా ఫోను పిచ్చి. అందరం చొక్కాలు ఇప్పి గోడ మొలకు తగిలేస్తం గద, ఉడుకకు బనీన్ల మీదనే పని చేస్తం. ఫోను గా చొక్క జేబులనే ఉంటది. నేను షిఫ్టుకు పోయినప్పుడల్ల సూస్తుంటి, గాయన మాత్రం గుడ్డ పేలిక తీస్కొని ఫోనును ఎడమ చేతికి కట్టుకుంటుండె. గిట్ల, ముంజేతి మీద, అద్దం పైకి. సప్పుడు ఇనవడది, గజగజ ఊగినా తెలువది, లైటు వెలిగితెనన్న కండ్లకు కనవడతదని. పోగు మీద ఉండాలె సూపు, గాయన సూపు చేతి మీద. పోగులు తెగితె చూస్కోకపోతుండె. మాల్ డ్యామేజ్ అయితె సేఠ్ తిట్లు. అందరు నవ్వుడు, ఏంది, ఢిల్లీ నుంచి వస్తదా నీకు ఫోను అని. అయినా ఇప్పకపోతుండె."

బాపుకు తాను ఏం చెబుతున్నాడో తెలియదు. నాకు తెలిసిపోయింది.

"ఎప్పటి సంది బావా?" అంది ఆమె.

"ఎప్పటి సందంటే... బిడ్డ పోయినప్పుడు ఊరికి వచ్చి పోయిండు గద, గప్పటి సంది. లాక్‌డౌన్ల గూడ ఇదే కథ. అందరు పోతుండ్రు, నువ్వు గూడ పో అంటి. ఇంటి నుంచి ఫోనొస్తె పోత అన్నడు. నేను గుస్సా అయిన. నువ్వే చెయ్యరాదా, నోరు లేదా అని. ఎప్పటిలెక్కనే తలకాయ ఊపిండు. ఆఖరికి దవాఖానల చేర్పిచ్చిననాడు గూడ అంతేనమ్మా. సూది పెట్టాలె, చేతి కట్టు ఇప్పు అని నర్సమ్మ అంటె, ఈ చెయ్యి వద్దు, గా చేతికి పెట్టున్రి అన్నడు. గంత మొండి మనిషి."

అటువైపు నుంచి వచ్చిన గొంతు నేను అంతకు ముందు విన్న గొంతు కాదు.

"నేను చెయ్యలే బావా. బిడ్డ పోయిన్నాటి సంది గాయనకు నేను ఒక్క ఫోను చెయ్యలే. గాయన చేస్తెనే ఎత్తిన. అవసరముంటే మరిదితోని చేయించిన. నేనైతె ఒక్కపారి గూడ చెయ్యలే."

బాపు గాభరాగా నా వైపు చూశాడు. తాను ఏం తప్పు మాట్లాడానా అని ఆయన భయం. నేను తల అడ్డంగా ఊపి, ముఖం తిప్పుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కాక అన్ని నెలలు మా ముందు గదిలో, ఛార్జింగ్ తీగ అందేంత దూరంలోనే కూర్చుని తినడం, పడుకోవడం చూశాను. కాలక్షేపానికి ఫోన్ చూసుకుంటున్నాడని అనుకున్నాను.

ఆ రోజు తర్వాత చాలాసార్లు ఆలోచించాను. బాపు ఆ మనిషిని ఒక్క ముక్క కూడా మెచ్చుకోలేదు. పైగా ఫిర్యాదు చేశాడు. కాక మనసు ఏమిటో బాపుకూ తెలియదు, మెస్సువాళ్ళకూ తెలియదు, కథలు రాసే నాకూ తెలియదు. చేతికి కట్టిన గుడ్డ పేలికకు అర్థం ఈ లోకంలో ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆ మనిషి అప్పటిదాకా సాంచను ఎన్నడూ చూడలేదు, మేమేమో ఆమెను ఎన్నడూ చూడలేదు. ఇంతకాలం నేను పిల్లలకు రచయిత ఏం చేయాలో చెప్పాను గాని, చదివే మనిషి తన వెంట ఏం మోసుకొస్తుందో ఎప్పుడూ చెప్పలేదు. నేను అల్లబోయిన ఫోటో కథ చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో. నమ్మి, బియ్యం ఇప్పించేదేమో. కానీ అందులో ఉన్నది కాక అయ్యేవాడు కాదు, నేను కుట్టిన ఇంకో చక్కని చొక్కా అయ్యేది.

ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఒక్క మాట అడిగింది.

"బావా, నిజంగనే ఇనవడదా? జేబుల ఫోను మోగితే, మనిషి గక్కడనే ఉంటే, ఇనవడదా?"

"దేవుడొచ్చి పిలిచినా ఇనవడదమ్మా" అన్నాడు బాపు.

"నేను సూడాలె" అంది ఆమె.

పెత్రమాసకు ముందు రోజు పొద్దున షిఫ్టుకు నేను కూడా బాపు వెంట వెళ్ళాను. సేఠ్‌ను బాపు ముందే అడిగి పెట్టాడు. ఆయన మాస్కు మీది నుంచి నన్ను ఒకసారి చూసి, ఫోటోలు తీయొద్దని మాత్రం చెప్పాడు. బయటే నిలబడి వీడియో కాల్ కలిపాను. మరిది ఫోన్ పట్టుకుని ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో బీడీలు చుట్టే తునికాకు. సన్నగా, నేననుకున్న దానికన్నా చిన్న వయసు మనిషి. ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి. బాపు ఫోన్ అందుకుని, బాగున్నవా అమ్మా అని పలకరించి, తలుపు నెట్టి లోపలికి నడిచాడు.

చిన్నప్పుడు అన్నం గిన్నె పట్టుకుని ఆ తలుపు దాకా ఎన్నిసార్లో వెళ్ళాను గాని, ఆ చప్పుడుకు నేను ఎప్పుడూ అలవాటు పడలేదు. అది చెవుల్లోకి రాదు, ఛాతీలోకి వస్తుంది. పళ్ళు కూడా అదురుతాయి. అందుకే లోపల ఎవరూ చెవులతో మాట్లాడుకోరు. చేతులు చూస్తారు, పెదవులు చూస్తారు. కరోనా వచ్చాక వాళ్ళకు మాస్కు అన్నిటికన్నా కష్టమైంది అందుకే. సాంచ ముందు నిలబడ్డ ప్రతి మనిషీ మాట కోసం మాస్కు కిందికి లాగడమూ, సేఠ్‌ను చూసి పైకి ఎక్కించడమూ చేస్తూ ఉండేవాడు.

బాపు నేరుగా తన సాంచల దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాక ఉండిన చోట ఇప్పుడు ఇంకెవరో జోడీదారు. బాపు ఫోన్‌ను మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పి అంతా చూపించాడు. గోడకు మొలలు, మొలలకు చొక్కాలు. తర్వాత ఏమనుకున్నాడో, తన ఫోన్ జేబులో ఉండగానే చొక్కా విప్పి మొలకు తగిలించి, దానికి రింగు చేయమని నాకు సైగ చేశాడు. నా ఫోన్‌లో ఆమెతో కాల్ నడుస్తుండగా అది కుదరదని నేను చేతులు ఊపాను. పక్క సాంచ మనిషి అది చూసి, తన ఫోన్ తీసి బాపు నంబరు నొక్కాడు. బాపు చొక్కా జేబు లోపల సన్నగా వెలుతురు కనబడింది. మొలకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను నేను. రింగు చప్పుడు నాకు చేరనే లేదు.

బాపు ఫోన్‌ను ఆ జేబు ముందు చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత తన ముఖం వైపు తిప్పుకున్నాడు. నేను ఆయన భుజం మీది నుంచి తొంగి చూశాను. ఆమె చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నట్టుంది. కళ్ళ నుంచి కారుతున్నది తుడుచుకోవడం లేదు. బాపు మాస్కు కిందికి లాగి, ఆమె పెదవుల వైపే చూస్తూ, అవునన్నట్టు తలూపాడు. చివరకు ఆమె వేరే ఏదో అంది. బాపు మళ్ళీ తలూపాడు. అక్కడితో కాల్ ఆగిపోయింది.

ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"ఏమంటుంది బాపూ?"

"ఇనవడ్తలేదంటుంది" అన్నాడు బాపు. "గదే మాట, ఎన్నిమార్లో. ఇనవడ్తలేదు, ఇనవడ్తలేదు అని." ఆయన తలుపు వైపు చూశాడు, లోపల ఆయన సాంచ నడుస్తూనే ఉంది. "రేపు బియ్యం మరిది ఇయ్యొద్దంట. తనే ఇస్తదంట. తండ్రి పేరూ బిడ్డ పేరూ ఒక్కకాడ చెప్పి ఇస్తదంట."